బిస్కెట్ డబ్బాకు ఒక గడి

నేను డాక్టరును కాను, నర్సును కాను. ఆదిలాబాద్ జిల్లాలో ఇచ్చోడ వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో రోగుల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే మనిషిని. ఇంటర్ దగ్గరే చదువు ఆగిపోయింది. అయితే కరీంనగర్‌లో ఉన్న ఏళ్లలో అక్కడి గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీ దాదాపు నాదే. శరీరం గురించి, రోగాల గురించి తెలుగులో దొరికిన ప్రతి పుస్తకమూ అందులో కూర్చునే చదివాను. అవి అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ పుస్తకాలు మొదలుపెట్టాను. మందు వేసుకున్న మనిషికి నయమైతే అది మందు వల్లేనని ఎట్లా తెలుస్తుంది అన్న ప్రశ్న అప్పుడే నన్ను పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

అందుకే కరీంనగర్‌లోని ఒక వైద్య కళాశాల వాళ్లు మా దగ్గరికి వచ్చి షుగర్ రోగుల మీద అధ్యయనం చేస్తామన్నప్పుడు నాకు పండగలా అనిపించింది. రోగుల్ని ఎక్కడికో పిలిచి చేసే పరిశోధన కాదు అది. మా కేంద్రానికి మామూలుగా వచ్చేవాళ్లు ఏ గోలీ వాడుతున్నారు, షుగర్ ఎంత ఉంది, ఒంట్లో ఎట్లా ఉంది అనేవి పేర్లు తీసేసి, వాళ్లు ఒప్పుకుంటేనే, కళాశాలకు పంపాలి. ఇట్లాంటి కేంద్రాల వివరాలన్నీ అక్కడ కలిపి చూస్తారు. తేలిన సంగతి తిరిగి మా డాక్టరమ్మకు చెబుతారు. పత్తి చేలో వంగి పనిచేసి, జొన్న రొట్టె తిని, బస్సు దొరికిన రోజు దవాఖానకు వచ్చే మనుషులకు ఏ మందు ఎట్లా పడుతుందో వాళ్ల రోజువారీ వైద్యమే చెబుతుందన్న మాట. వరుసలో నిలబడ్డవాళ్లకు ఈ సంగతి చెప్పే పని నేనే మీద వేసుకున్నాను.

అట్లా చెప్పించుకున్న వాళ్లలో యాభై దాటిన ఒక పత్తి రైతు ఉంది. నేను పెద్దమ్మా అనేవాణ్ని, ఆమె నన్ను కంప్యూటర్ సారు అనేది.

"నీ పేరు పోదు పెద్దమ్మా. నీ షుగర్ ఎంతున్నది, ఏ గోలీ వేసుకుంటున్నవు, గదొక్కటే పోతది," అన్నాను.

"పేరు పోతే ఏమైతది సారూ? నా పేరు కరీంనగర్ దాంక పోయిందని మా ఆడిబిడ్డకు చెప్పుకుందుననుకుంటి," అని నవ్వుతూ వేలిముద్ర వేసింది.

ఆమె బాధ అసలు షుగర్ కాదు, కన్ను. కుడి కంటికి పొర కమ్మింది. ఎడమ కన్ను ఎప్పటినుంచో మసకే. పోయినేడు పత్తి ఏరుతుంటే దూదికి అంటుకున్న ఎండాకు కనిపించలేదు. ఏరిన పత్తిలో చెత్త ఉందని తోటి ఆడవాళ్లు ఎగతాళి చేశారు. ఆదిలాబాద్‌లో కంటి ఆపరేషన్‌కు పోతే, షుగర్ నిలకడగా లేదని ఒకసారి తిప్పి పంపారు. రెండోసారి తేదీ ఈ ఏడు పత్తి ఏరే కాలానికి కొంచెం ముందు ఇచ్చారు.

"గీసారి గూడ తిప్పి పంపిండ్రనుకో, చేన్ల నన్ను ఎవలు పిలువరు. ఇంట్ల కూసోవెట్టి, పోరగాండ్లను చూసుకొమ్మంటరు," అన్నది. అన్నది నవ్వుతూనే, కానీ కళ్లలో నవ్వు లేదు.

ఆ షుగరేమో ఆమె మాట వినడం లేదు. ఒక వారం పడిపోయింది. చెమటలు పట్టి, కళ్లు తిరిగి ఆమె చేనులోనే కూలబడింది. డాక్టరమ్మ గోలీ మోతాదు తగ్గించింది. తర్వాత వచ్చినప్పుడు షుగర్ ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత మళ్లీ పడింది. "ఇట్లెందుకైతుందో నాకు సమజైతలేదు," అని డాక్టరమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

అదే సమయంలో కళాశాల డాక్టరు నాకు ఫోన్ చేశారు. "మీ కేంద్రం నుంచి కళ్లు తిరగడం, చెమటలు పట్టడం ఎక్కువగా నమోదవుతున్నాయి. ఇదే గోలీకి మిగతా చోట్ల అంత లేదు. ఎక్కించడంలో తప్పేమైనా ఉందా?"

నా పనిలో తప్పుండదని గట్టిగానే చెప్పాను. చెప్పాక ఊరుకోలేక మొత్తం మొదటినుంచి సరిచూశాను. అంకెల్లో తప్పు లేదు. కానీ ఒక గడి దగ్గర ఆగిపోయాను. 'ఇతర ఔషధాలు ఏమైనా వాడుతున్నారా?' దాని కింద అందరికీ 'లేదు' అనే ఉంది. ఒక్కరికీ 'అవును' లేదు. ఇంతమందిలో ఒక్కరూ ఇంకో గోలీ మింగరా? అందరి జవాబూ ఒకటే అయినప్పుడు అనుమానించాల్సింది ప్రశ్ననే అని నేను గ్రంథాలయంలోనే నేర్చుకున్నాను. ఆ ప్రశ్నను తెర మీద ఉన్నది ఉన్నట్టు పుస్తక భాషలో చదివింది నేను. వరుస పొడుగున్న రోజుల్లో అడగకుండానే 'లేదు' నొక్కిందీ నేనే.

ఆమె మళ్లీ వచ్చినప్పుడు వేరేగా అడిగాను.

"పెద్దమ్మా, ఇంట్ల గోలీలు ఏడ పెట్టుకుంటవ్?"

"బిస్కెట్ డబ్బల. మస్కట్ నుంచి వచ్చింది, నీలంది."

"అండ్ల మావి ఒక్కటేనా?"

"మీయి ఉన్నయి. మా తమ్మునియి ఉన్నయి."

పక్కన బీపీ చూస్తున్న నర్సు చేయి ఆగిపోయింది.

"తమ్మునియి అంటే ఏం గోలీలు?" అడిగాను.

"సక్కర గోలీలే. వాడు మస్కట్ నుంచి వచ్చినప్పుడు తెస్తడు, ఎవలన్న వస్తుంటే పంపుతడు. పొద్దుగాల మీయి, మాపటికి వానియి."

"మరి నేనడిగితే లేదంటివి?"

"నువ్వు మందులడిగితివి. గవి మందులా సారూ? గవి మా తమ్ముడు పెట్టినయి."

కరీంనగర్ నుంచి భైంసా దాకా మా వైపు ఇళ్లన్నిటికీ తెలిసిన సంగతే ఇది. గల్ఫ్ నుంచి మనిషి వస్తే పెట్టె ఇంటి నడిమధ్యలో తెరుస్తారు. సబ్బులు, సెంటు, తలనొప్పి బాము అందరికీ పంచుతారు. వాటితోపాటే మోకాళ్ల గోలీలు, షుగర్ గోలీలు కూడా. అక్కాచెల్లెళ్ల వంతు అక్కాచెల్లెళ్లకు చేరాల్సిందే. తీసుకుని వాడకపోతే తెచ్చినవాడు చిన్నబోతాడు. మా బాపు తలాపున కూడా అట్లాంటి సీసా ఒకటి ఉండేది. అంత చదివి, మా ఇంట్లో ఉన్న సీసా నాకు గుర్తుకు రాలేదు.

రెండో రోజే ఆమె డబ్బా తెచ్చింది. డాక్టరమ్మ మూత తీసి, అరబ్బీ అక్షరాలున్న అట్టను అద్దాలు సర్దుకుని చూసింది. మందు మేమిచ్చేదే, పేరు వేరు. ఆమె ఒకే మందు రెండింతలు మింగుతోంది. తమ్ముడి గోలీలు ఉన్నన్నాళ్లు షుగర్ పడిపోతోంది. అవి అయిపోయాక, మేం తగ్గించిన మోతాదు చాలక ఎక్కుతోంది.

"ఇవి బంద్ చెయ్యాలె," అంది డాక్టరమ్మ.

"గదెట్ల మేడం? అక్కకు నా గోలీలు పనికిరాలేదా అని వాడు అలుగడా?"

"అలిగితే అలుగనియ్. చేన్ల పడి పాణం పోతే?"

ఆమె డబ్బాను ఒళ్లోకి లాక్కుంది. నేనే అన్నాను, "తమ్మునికి ఫోన్ కలుపు పెద్దమ్మా, మేడం మాట్లాడుతది."

వీడియోలో తమ్ముడు కనిపించాడు. నెత్తి మీద పసుపు టోపీ, వెనక సగం కట్టిన గోడ. డాక్టరమ్మ చెప్పిందంతా విని మొహం తుడుచుకున్నాడు.

"నాకు ఈడ డాక్టరు రాసిండు మేడం. నాకు మంచిగైంది, అక్కకు గూడ మంచిగైతదనుకున్న. నేనే పరేషాన్ చేసిన్నా? అక్కా, గవి పారెయ్యే."

"నువ్వు తెచ్చినయి పారేస్తనారా? గోలీలు మేడంకిస్త. డబ్బ నేనుంచుకుంట."

"సరే తియ్. గీసారి సబ్బులెక్కువ తెస్త."

"సబ్బులతోని ఒళ్లంత అరిగింది. నల్లద్దాలు తే. ఆపరేషనైనంక పెట్టుకుంట."

ఆ తర్వాత షుగర్ రోగులందరినీ ఇంట్లో ఉన్న గోలీలన్నీ తెమ్మన్నాను. డబ్బాల్లో వచ్చాయి, కొంగు ముడుల్లో వచ్చాయి. కళ్లు తిరుగుతున్నాయన్న వాళ్లలో చాలామంది దగ్గర పెట్టెలో వచ్చిన గోలీలే బయటపడ్డాయి. తప్పు మేమిచ్చే గోలీది కాదు, నా టైపింగ్‌ది కూడా కాదు. అడగకుండా 'లేదు' నొక్కిన సంగతి సహా అన్నీ కరీంనగర్‌కు రాశాను. గడిలో ప్రశ్న మార్చాలనీ రాశాను. వాళ్లు మార్చారు: 'ఇంట్లో ఉన్న గోలీలన్నీ చూశారా?' ఇప్పుడు ఆసిఫాబాద్ వైపు కేంద్రాల్లోనూ ఇదే అడుగుతున్నారు. కళాశాల మా నుంచి ఎంత నేర్చుకుందో, ఆ ఒక్క ఫోన్‌తో మేం వాళ్ల నుంచి అంత నేర్చుకున్నాం. మిగతా చోట్లతో పోల్చి చూసేవాళ్లు లేకపోతే మా గది నాలుగు గోడల మధ్య ఆ తేడా కనిపించేది కాదు.

పెద్దమ్మ షుగర్ నిలబడింది. ఆపరేషన్ చెప్పిన తేదీకే అయింది. పత్తి ఏరడం జోరుగా సాగుతున్న రోజుల్లో మందుల కోసం వచ్చి, నల్లద్దాలు నెత్తి మీదికి జరిపి, నా పక్కన నిలబడి తెరలోకి వంగింది.

"మా తమ్ముని ముచ్చట గీ కంప్యూటర్ల రాసినవంట గదా. ఏడున్నది?"

వేలు పెట్టి చూపించాను. బియ్యపు గింజంత గడి, అందులో చిన్న టిక్కు. ఆమె ఎడమ కన్నును అరచేత్తో మూసుకుని కుడి కన్నుతో చూసింది.

"గింత సన్నదా?" అంది. "జర పెద్దగ పెట్టకపోయినవ్ సారూ!"