అనుమతి అడగని కర్సర్

ఆ రోజుల్లో యంత్రం ముందు కూర్చోవడానికి కూడా ఒక మర్యాద ఉండేది. ఇప్పటి పిల్లలు పడక మీద వెల్లకిలా పడుకొని, పొట్ట మీద ల్యాప్‌టాప్ ఆనించుకొని, ఒక చేత్తో మురుకులు తింటూ మరో చేత్తో పరీక్షలు రాసేస్తున్నారు (రాయడమే కాదు, ఉత్తీర్ణులు కూడా అవుతున్నారు; నాకు మింగుడుపడనిది అదే). దబీర్‌పురా స్టేషన్‌కు పోయే దారిలో మా బాపు నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అటువంటి వేషాలు సాగేవి కావు. విద్యార్థి ముందుగా మిషన్ పక్కన నిలబడాలి. దానిని గుడ్డతో తుడిచి, కాగితం ఎక్కించి, అంచులు సరిచూసుకొని, ఆపైన "కూర్చోమంటరా సార్?" అని అడగాలి. బాపు తల ఊపితేనే కుర్చీ. కూర్చున్న తర్వాత చూపు ఎడమ పక్కనున్న పుస్తకం మీదనే నిలవాలి. మీటల వంక గాని, కాగితం వంక గాని దొంగచూపు చూస్తే బల్ల మీద స్కేలు దెబ్బ పడేది. ఆ చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి నేను. టైపులో నన్ను మించినవాడు పాతబస్తీలోనే లేడని నా నమ్మకం (ఆ సంగతి పాతబస్తీకి తెలియదు, అది వేరే విషయం).

చదువు ముగిశాక నేను బహదూర్‌పురాలో, చెప్పుల దుకాణం పైనున్న రెండు గదుల్లో వెలసిన ఒక చిన్న కంపెనీలో చేరాను. వేరే సంస్థల ఉద్యోగులు కంప్యూటరు మీదనే చదువుకొని, కంప్యూటరు మీదనే జవాబులు రాసే పాఠాలను తయారు చేయడం మా పని. దానిని ఈ-లెర్నింగ్ అంటారని చెబితే ఉప్పుగూడలోని మా చిన్నమ్మ "అది సరే గని, నౌకరి ఏంది మరి?" అని అడిగింది. బాపు అంతకంటే సూటి మనిషి. "నెలాఖరుకు పర్మనెంటు చేస్తె మంచిదే. చెయ్యకపోతె ఫికర్ లేదు, వచ్చి మిషన్లకు నూనె పెట్టు" అన్నాడు. అప్పటికే ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చే పిల్లలు పలచబడ్డారు. సగం మిషన్లు ముసుగులు కప్పుకొని కూర్చున్నాయి. ఆ ముసుగుల మధ్య, నూనె డబ్బా చేత పట్టుకొని నిలబడిన నన్ను నేనే ఊహించుకొని, ఎలాగైనా ఆ ఉద్యోగం నిలుపుకోవాలని నిశ్చయించుకున్నాను.

పాఠాల పేజీలకు కోడ్ రాసేది నేను. వాటికి రంగులు, బొమ్మలు సమకూర్చేది నాకంటే రెండేళ్ళు పెద్దవాడైన ఒక సహోద్యోగి. అతనిని అందరం భాయ్ అని పిలిచేవాళ్ళం. నా మాటతీరు చూసి అతను నాకు పంతులు అని పేరు పెట్టాడు. మా ఇద్దరికీ పడని విషయం ఒక్కటే: జవాబు రాసే గడి. పేజీ తెరుచుకోగానే, మినుకుమినుకుమనే ఆ కర్సర్ గీత తనంతట తానే గడిలోకి వెళ్ళి సిద్ధంగా ఉండాలని భాయ్ పట్టు.

"మనిషి మౌస్ పట్కొని గడి మీద నొక్కేదాంక కర్సర్ బయట్నే నిలబడాల్నా పంతులూ? ఒక్క లైన్ కోడ్ రాస్తె ఖేల్ ఖతం."

"అడగకుండా లోపలికి దూరడం మర్యాద కాదు. నేర్చుకునేవాడు తానే మౌస్ అందుకొని, తానే గడిని తట్టి, ఆ తర్వాతనే రాయాలి. చదువుకు క్రమం ఉండాలి."

"అరె, అది జవాబు గడి పంతులూ, నీ అత్తగారిల్లు కాదు!"

కోడ్ నా చేతిలో ఉంది కనుక క్రమమే గెలిచింది.

నెలాఖరు దగ్గర పడుతుండగా, ఒక ప్రభుత్వరంగ సంస్థ నుండి సూపరింటెండెంటమ్మ మా పాఠం చూడడానికి వచ్చారు. కళ్ళజోడును గొలుసుతో మెడలో వేలాడదీసుకున్న ఆ పెద్దావిడ ఊఁ అంటే, వారి గుమాస్తాలందరికీ మా పాఠమే. మా డైరెక్టర్ సారు నన్ను పక్కకు పిలిచి, "ఈ ఆర్డర్ వస్తె నీ పర్మనెంటు కాగితం మీద ఇయ్యాలనె సంతకం. రాకపోతె నువ్వే సమజ్ చేస్కో" అన్నాడు. నేను సమజ్ చేసుకున్నాను. నూనె డబ్బా కళ్ళ ముందు కదిలింది.

పాఠం ఎలా నడుస్తుందో ఆమెకు చూపడానికి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. జవాబు రాసి పెట్టుకున్న కాగితాన్ని ఎడమ పక్కన నిలిపి, ప్రశ్న ఉన్న పేజీ తెరిచి, వేళ్ళను వాటి వాటి మీటల మీద ఉంచి, ఇక మొదలుపెట్టాను. గదిలో నా వేళ్ళ చప్పుడు తప్ప మరొకటి లేదు. "అబ్బో, చేతులా, మిషనా!" అన్నారు సూపరింటెండెంటమ్మ. ఆ పొగడ్తకు వేలు జారింది. వెంటనే బ్యాక్‌స్పేస్ మీటను టకటక నొక్కి, తప్పు దిద్దుకున్నానన్న ధీమాతో ముందుకు సాగాను. చూపు మాత్రం కాగితం మీదనే. చివరి చుక్క పెట్టి, బాపు శిష్యుడికి తగిన గాంభీర్యంతో చేతులు ఒడిలో పెట్టుకున్నాను. అప్పుడు, దేనికైనా నిమిషం ఆలస్యంగా కదిలే ఆ కంప్యూటరు నోరు విప్పింది: "నమస్కారం. ఈ పాఠానికి మీకు స్వాగతం."

తల తిప్పి చూస్తే తెర మీద మొదటి పేజీ ఉంది. జరిగినది ఇంతే. మౌస్‌తో గడిని తట్టాలన్న నియమం పెట్టినది నేను. తట్టడం మరిచినదీ నేనే. బాపు నేర్పిన విద్యలో మౌస్ లేదు మరి. గడి నిద్రలో ఉన్నందున నేను కొట్టిన అక్షరాలన్నీ గాలిలో కలిశాయి. గడి మేల్కొని ఉంటే బ్యాక్‌స్పేస్ అక్షరాన్ని తుడిచేది. నిద్రలో ఉంటే, ఆనాటి కంప్యూటర్లలో, అది పేజీలనే వెనక్కి తిప్పేది. ఆ విధంగా నేను అంత వేగంతో పాఠం మొదటికి చేరుకున్నాను.

"గంత సేపు కొట్టినవు, ఒక్క అక్షరం గూడ పడలేదేంది బాబూ?" అన్నారామె. తర్వాత నవ్వి, "మా ఆఫీసు గూడ గిట్లనే. చప్పుడు మస్తు ఉంటది, ఫైలు కదలది" అన్నారు.

డైరెక్టర్ సారు చాయ్ తెప్పించి ఆమెను మాటల్లో పెట్టాడు. భాయ్ నా వెనక నిలబడి, ఎగతాళి చేయకుండా, "ఒక్క లైన్, పంతులూ" అన్నాడు. ఎగతాళి చేసినా అంత బాధ ఉండేది కాదు. నేను ఆ లైను రాశాను. అవమానభారంతో ఒక పేజీకి కాదు, ప్రతి పేజీకీ రాశాను. చాయ్ ముగిసింది. పేజీ తెరిచాను. కర్సర్ పరుగున వెళ్ళి గడిలో కూర్చుంది. కాని గడి ఉన్నది పేజీ అడుగున. దానితో పాటు తెర మొత్తం కిందికి జారిపోయింది. పాఠం ఎక్కడో పైన, కంటికి ఆననంత దూరంలో మిగిలింది.

"పాఠమేది? తెర్వంగనె పరీక్షనా?" అన్నారు సూపరింటెండెంటమ్మ. "మా వాళ్ళు మస్తు ఖుష్ అయితరు, చదివే పని తప్పుతది."

ఈసారి భాయ్ ముఖం వాడింది. నాకు మాత్రం బాపు బల్ల గుర్తుకు వచ్చింది. ముందు తుడవడం, తర్వాత కాగితం, ఆ తర్వాత కుర్చీ. గడిని దాచివేశాను. పాఠం చివర ఒక బటన్ పెట్టాను. చదివినవాడు ఎంటర్ మీట నొక్కితే అప్పుడు గడి కనబడుతుంది; కర్సర్ తనంతట తానే అందులో కూర్చుంటుంది; మౌస్‌తో పని లేదు. తొందరలో ఆ బటన్ మీద నా సహజమైన భాషలో "చదివితిని" అని రాశాను.

"చదివితిని ఏంది బాబూ, నాటకంల పద్యం లెక్క?" అంటూనే ఆమె పాఠమంతా చదివి, ఎంటర్ నొక్కి, ఒక్క వేలితో తన పేరు కొట్టారు. అక్షరాలు పడ్డాయి. ఆమె కళ్ళజోడు సవరించుకొని మరొకసారి చూసుకున్నారు. "మౌస్ అంటె బెదిరేటోళ్ళు మా దగ్గర చానమంది ఉన్నరు. గిది బాగుంది. గా మాట గూడ మార్చకుండ్రి, మా వాళ్ళకు జర భయముండాలె." డైరెక్టర్ సారు గుండెల నిండా ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి జరిగినదంతా బాపుకు చెప్పాను. ఆయన స్కేలు కింద పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, "ఏందిరా, కాగితం ఎక్కియ్యకుండ టైపు కొట్టినవా?" అన్నాడు. ఆపై కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. ఆ గదిలో ఆయన నవ్వు వినడం నాకు అదే మొదలు. నవ్వు ఆగిన తర్వాత, "మరి పర్మనెంటు అయినవా?" అన్నాడు.

"అయిన బాపూ."

ఆయన తల ఊపాడు. నూనె డబ్బా తానే అందుకొని మిషన్ల వైపు నడిచాడు.

ఇప్పుడు ఆ గదిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నేను, ఖాళీగా ఉండడం క్రమశిక్షణ కాదు కనుక, ఆన్‌లైన్‌లో సంస్కృతం కోర్సు ఒకటి చదువుతున్నాను. ప్రతి పేజీలోనూ కర్సర్ నాకంటే ముందే గడిలో మినుకుమంటూ ఉంటుంది. అయినా నేను మౌస్ జరిపి గడి మీద ఒకసారి నొక్కుతాను. మా అమ్మాయి చూసి నవ్వుతుంది. "అది ఆల్రెడీ లోపల్నే ఉంది గద నాన్నా, మళ్ళ ఎందుకు నొక్కుతవు?" నాకూ తెలుసునని చెబుతాను. వీపు నిటారుగా పెట్టి, వేళ్ళను మీటల మీద ఉంచి, బల్ల అవతల ఎవరో తల ఊపుతారన్నట్టు ఒక్క క్షణం ఆగి, అప్పుడు మొదలుపెడతాను.