జంగు ముట్టని రాడ్డు

తడిసిన ఇనుముకు ఒక వాసన ఉంటుంది. తెల్లారి లేచాక నా ముక్కుకు మొదట తగిలేది అదే. ఈ ఏడు కోరుట్లలో ముసురు పట్టి విడవడం లేదు. ఇవాళ పొద్దున అరచేయి ముక్కు దగ్గరికి రాగానే మల్లయ్య కాక పక్కన వచ్చి కూర్చున్నట్టనిపించింది. ఆయన పోయింది నిరుడు వానాకాలంలో.

కాకను మీరు చూడలేదు కాబట్టి చెబుతాను. జగిత్యాల రోడ్డు మీద రేకుల షెడ్డులో బండ్ల సొట్టలు తీసి రంగులు వేసేవాడు. నడుము వంగాక పెద్ద బండ్లు మానేసి, రేకు ముక్కలతో, అట్టతో అరచేతిలో పట్టే లారీలు, ఆటోలు చేయడం మొదలుపెట్టాడు. కొత్తగా తళతళలాడేవి కావు. ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసి తుప్పు పట్టినట్టు ఉండేవి. బతుకంతా జంగు గీకిన, గిప్పుడు గదే ఎక్కిస్తున్న అని తనమీద తనే నవ్వుకునేవాడు. గల్ఫుకు పోయినవాళ్లు వదిలిపోయిన బండికి బొమ్మ చేయించి ఇంటివాళ్లు టీవీ పక్కన పెట్టుకోవడం మా వైపు అలా అలవాటైంది.

మా ఆయన ట్రాలీ ఆటో నడిపేవాడు. ఆయనా గల్ఫుకు పోయాడు. కొన్నాళ్లు ఫోన్లు చేసి ఉన్నట్టుండి ఆపేశాడు. కంపెనీ మారాడన్నారు, క్యాంపులో లేడన్నారు. అసలు మనిషి ఉన్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. వాకిట్లో ఆటో తుప్పు పడుతుంటే చూడలేక, పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేద్దామని కాకను పిలిచాను. ఆయన ఆటో చుట్టూ తిరిగి, బోల్టుల కింద గోరుతో గీకి, ఆ పొడిని కాగితంలో పొట్లం కట్టుకున్నాడు. దీన్ని అప్పుడే అమ్మకు, ముందు బొమ్మ చేద్దాం, నువ్వే చెయ్యి, నేను చూపిస్త అన్నాడు. ఏడుస్తూ కూర్చునే కన్నా అదే నయమని వెళ్లాను.

ముందు ఇటుక రంగు వేయాలి. దాన్ని తడిపి అక్కడక్కడ ఉప్పు చల్లి, పైన పసుపు రంగు వేయాలి. ఆరాక బ్రష్షుతో ఉప్పు రాల్చేస్తే పెచ్చులూడినట్టు కింది రంగు బయటపడుతుంది. నేను ఆత్రంకొద్దీ బండంతా ఒకే తీరుగా పూసేస్తే కసిరేవాడు.

"నీళ్లు ఎటు జారుతయో జంగు గటే పోతది బిడ్డా. ముందుగాల నీళ్లను సూడు."

చివరికి మా ఆటో నుంచి గీకిన పొడినే జిగురులో కలిపి అద్దాం. ట్రాలీ వెనక రేకు మీద ఆయన ఒక పొడుగాటి మరక దించాడు. అసలు ఆటోకు అక్కడ లేదు గదా కాకా అంటే, వస్తదిలే అన్నాడు. మరుసటి వానాకాలం సరిగ్గా అక్కడే, అదే వంకరతో వచ్చింది.

మా బొమ్మ చేస్తున్న రోజుల్లోనే సిరిసిల్లలో ఒక నేతన్న ఇంటివాళ్ల కోసం మరమగ్గం బొమ్మ చేశాడు. మగ్గమంతా పాతబడినా, దాన్ని నడిపి ఆపే పిడి మాత్రం మెరుస్తూ ఉండేది. బొమ్మ పంపే రోజు ఆ ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. కాక ఊఁ కొడుతూ విని, ఫోన్ పక్కన పెట్టి, ఆ పిడికి కూడా తుప్పు అద్దేశాడు. ఎందుకని అడిగాను.

"చెయ్యి ఆడినంత కాలం జంగు ముట్టది. గా చెయ్యి పోయింది."

ఇక మా ఆటో బొమ్మలో మిగిలింది రాడ్డే. సీటు పక్కన, చేత్తో పైకి లాగి స్టార్టు చేసే ఇనుప రాడ్డు. దానికి ఏం వేయాలో నేను అడగలేదు. కాక చాలాసేపు దాన్నే చూసి, బ్రష్షు నీళ్లలో ముంచి కడిగేశాడు. రాడ్డు మెరుస్తూనే ఉండిపోయింది.

నాకు భయం మొదలైంది ఆ తర్వాతే. వాకిట్లో అసలు ఆటో రోజురోజుకూ కుంగిపోతోంది, రేకులు చిల్లులు పడుతున్నాయి. దాని రాడ్డు మాత్రం ఎవరో ఇప్పుడే పట్టి లాగినట్టు మెరుస్తోంది. ఇంట్లో ఉండేది నేనూ మా అత్తమ్మా. ఇద్దరం దాని జోలికి పోయేవాళ్లం కాదు. అత్తమ్మ పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని గడపలో కూర్చుని దాన్నే చూసేది.

"నా కొడుకు ఉన్నడే. సూడు, చెయ్యి తీస్తలేడు."

నేనైతే పట్టపగలు కూడా ఆ పక్కకు పోవడానికి జంకేదాన్ని. ఒకసారి కాకకు చెబితే ఆయన తలెత్తలేదు. మెరిస్తే మంచిదే గదా అని ఊరుకున్నాడు.

కాక పోయాడు. దినాలు కాకముందే రాడ్డు మీద ఎర్రటి పొర వచ్చింది. అప్పుడు వెలిగింది నాకు. చీకటితో లేచి చాయ్ హోటల్‌కు మా వాకిలి ముందు నుంచే పోయేవాడు ఆయన. పోతూ పోతూ రోజూ రాడ్డు రుద్దిపోయింది ఆయనే. ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. చచ్చిపోయిన మనిషి మీద కోపం. లేని ఆశ పెట్టి పోతావా కాకా అని నిలబడి తిట్టుకున్నాను. ఇంతలో అత్తమ్మ లేచే వేళయింది. కొంగుతో రాడ్డును గబగబా రుద్దేశాను. ఇక రోజూ అదే పని అయింది.

మొన్న జ్వరం వచ్చి మంచం దిగలేకపోయాను. బయట ఒకటే ముసురు. పాడు రాడ్డు ఇప్పటికి ఎర్రబడి ఉంటుంది, అత్తమ్మ చూసే ఉంటుందని నాకు దిగులు. ఎలాగో లేచి కూర్చుని కిటికీలోంచి చూశాను. రాడ్డు తళతళలాడుతోంది. కాక వచ్చాడేమో అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. ఆ తర్వాత, మా ఆయనేమో అని కూడా.

అత్తమ్మ వచ్చి నన్ను పడుకోబెట్టి నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ అరచేతికి తడి ఇనుము వాసన. మంచం మీద నుంచి నేను చూస్తానని రుద్దింది ముసలిది. నేను కళ్లు మూసుకునే ఉన్నాను.

ఇప్పుడు కాక చేసిన బొమ్మల పని నేను చేస్తున్నాను. నా బొమ్మల్లో చెయ్యి పడే చోటు ఒకటి తుప్పు అద్దకుండా వదిలేస్తాను. అదీ పాతగా కావాలని ఎవరైనా అంటే, వేరే వాళ్లతో చేయించుకోండి అంటాను. మా ఆయన కబురు ఇంకా లేదు. పొద్దున అత్తమ్మా నేనూ ఎవరు ముందు లేస్తే వాళ్లం వాకిట్లో రాడ్డు దగ్గరికి పోతాం. రెండోవాళ్లం నిద్రపోతున్నట్టు పడుకుంటాం.