మా నాయనమ్మ కాలేజీ చూపులు

మా నాయనమ్మ ద్వాలి కాలేజీలో అడుగు పెడితే ప్రిన్సిపాలే లేచి కుర్చీ వేసి, సీట్లు ఎన్ని కావాలమ్మా అని అడుగుతాడు. టేకులపల్లి నుంచి ఖమ్మం దాకా ఆమెను ఆపే గేటు ఇంకా పుట్టలేదు. ఆమె వేలు చూపించి ఫెయిల్ అన్నదంటే ఎంత పెద్ద కాలేజీ అయినా తాళం వేసుకోవాల్సిందే.

ఇది తండాలో నేను చెప్పుకు తిరిగే మాట. నిజానికి ఆమె చూసిన కాలేజీ ఒక్కటే. అదీ రెండు రోజులు ఇంటిల్లిపాదితో గొడవపడి.

గొడవ మా చెల్లెలు సోని గురించి. ఇంజనీరింగ్ సీటుకు ఆన్‌లైన్‌లో కాలేజీల పేర్లు వరుసగా పెట్టుకోవాలి. గడువు మూడు రోజులే ఉంది. సోని మనసంతా ఖమ్మంలోని ఒక కాలేజీ మీదే. కానీ పోయినేడు అక్కడ మా కోటాలో చివరి సీటు దక్కిన ర్యాంకు కంటే సోని ర్యాంకు రెండు వేలు వెనక. అందుకని ఆ పేరే పెట్టనని కూర్చుంది.

"పోయి చూసొద్దాం పా," అంది ద్వాలి.

"రాని కాలేజీని చూసి ఏం జెయ్యాలె నాయనమ్మా?"

"రాదని నీకెవరు జెప్పిండ్రు?"

"పోయినేటి లిస్టు జెప్పింది."

"పోయినేడు నువ్వు పరీక్ష రాసినవా?"

పత్తి గింజలు పెట్టే టైములో ఈ తిరుగుడేందని మా నాయన సోమ్లా విసుక్కున్నాడు. పోతే పోండి, లేకుంటే లేదు అంది అమ్మ. ఆ మాటకే ద్వాలికి ఒళ్లు మండింది. ఒక్కరూ పొమ్మనరు, ఒక్కరూ వద్దనరు. నలుగురు కూతుళ్ల సంబంధాల కోసం ఇరవై ఇళ్లు తిరిగి, పదహారు ఇళ్లు నచ్చలేదని తిరిగొచ్చిన మనిషి ఆమె. అవతలివాళ్లు ఒప్పుకుంటారని తెలిశాకే బయలుదేరిన రోజు ఒక్కటీ లేదు.

మూడో రోజు పొద్దున్నే సోని చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది. తీరా బస్సు ఇల్లందు దాటాక ఆమెకే గుబులు పుట్టింది. పిల్లకు ఆ కాలేజీ నచ్చకపోతే బాగుండు అనుకుంది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"అడ్మిషన్ అయిందా?"

"కాలె. చూడనీకొచ్చినం."

"సీటొచ్చినంక చూద్దురు పో అమ్మా."

"పిల్లనిచ్చినంక ఇల్లు చూస్తవా నువ్వు? నీకు ఆడపిల్లలున్నరా?"

వాచ్‌మన్‌కు ఇద్దరున్నారు. గేటు తెరిచి, ఎండన పడి వచ్చారని చల్లటి నీళ్ల సీసా కూడా అందించాడు.

ద్వాలి ముట్టుకోలేదు. సంబంధం ఖాయం కాకముందు ఆ ఇంట మంచినీళ్లు తాగకపోవడం మా వాళ్ల పద్ధతి. తాగితే మాట ఇచ్చినట్టే. సోని అప్పటికే మూత తిప్పింది. ఆ సీసా లాక్కుని, "సీటు కాలె ఇంక, ఏమనుకోకు బిడ్డా," అని వాచ్‌మన్ చేతిలో పెట్టింది. సోని తల ఎత్తలేకపోయింది.

హాస్టల్లో ద్వాలి బాత్రూం గడియలన్నీ ఒక్కొక్కటి వేసి తీసింది. ఒకటి పట్టలేదు. ఆఫీసు మేడంను పిలిచి మరీ చూపించింది. ఆ పని ముగించుకుని వచ్చేసరికి సోని ల్యాబ్ కిటికీకి ముఖం ఆనించి నిలబడి ఉంది. రెండుసార్లు పిలిచినా కదలలేదు. ద్వాలికి కోపం వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

తిరుగు బస్సులో సోని, "అందుకే వద్దన్న. ఇప్పుడు ఇంకా నచ్చింది. రాకుంటే ఎట్ల?" అంది.

ద్వాలి ఇల్లందు బస్టాండులో దిగి, ఒక్క గుక్కలో సీసాడు నీళ్లు తాగి, మళ్లీ వచ్చి మూతి ముడుచుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం సోని ఆ కాలేజీ పేరే మొదట పెట్టింది. సీట్ల లిస్టు ఇంకా రాలేదు. పిల్ల గంటకోసారి ఫోన్ చూస్తోంది, అన్నం సగంలో వదిలేస్తోంది. ఇదంతా చూసి చూసి నిన్న నేనే అడిగాను.

"నువ్వు నీళ్లు తాగలేదని సీటిస్తరా నాయనమ్మా? ఊకున్న పిల్లకు ఆశ పెట్టినవ్. రేపు రాకుంటే ఏడ్వదా?"

"ఏడుస్తది, ఏడ్వనీ. నువ్వు ఇంటర్ సగంల ఇడిసిపెట్టి, ఒక్క కాలేజీ మొఖం జూడక ఇంట్ల కూసున్నవ్. ఏడ్పు గూడ రాకపాయె నీకు. ఏమే, అట్లుండుడు మంచిగున్నదా?"