నావ కట్టిన మేకు

మీరు పుట్టిన ఇల్లు ఎక్కడ ఉండేదో నేల మీద వేలు పెట్టి చూపించగలరా? గదులూ పొయ్యి మూలలూ అడగడం లేదు, చోటు చూపిస్తే చాలు. చూపించలేకపోతే, మిగతా విషయాల్లో మీకున్న గట్టి నమ్మకాలు కాసేపు పక్కన పెట్టి నా మాట వినండి.

ఈ వేళ పొద్దున్న ఫోన్లో ఒక ఫోటో వచ్చింది. ఎక్కడో పునాదులు తవ్వుతుంటే తుప్పుపట్టిన ఇనప ముక్క దొరికిందట. అప్పటికే దానికి పసుపు రాసి బొట్టు పెట్టేశారు. వెయ్యేళ్ళ నాటి ఖడ్గమనీ, పదిమందికి పంపితే మేలు కలుగుతుందనీ కింద రాసి ఉంది. పెద్దది చేసి చూశాను. తలుపు బందు. మేకులు దిగిన కంతలు కూడా కనిపిస్తున్నాయి. పంపినాయనకి ఆ మాటే రాస్తే, "మీకు దేవుడు ఎదురొచ్చినా తలుపు బందులాగే కనిపిస్తాడండి మాస్టారూ" అని జవాబిచ్చాడు. కోపం రావలసిన మాటే. దానికి బదులు మా అక్కయ్య గుర్తొచ్చింది.

అక్కయ్య కొడుకు కువైట్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి, ఇక చాలనుకుని అంబాజీపేట వచ్చేశాడు. వస్తూ వస్తూ నేలలోని లోహాన్ని పసిగట్టే యంత్రం ఒకటి తెచ్చుకున్నాడు. బంగారం ఉన్నచోట కూతపెడుతుందని ఎవరో అంటగట్టారు. కొబ్బరితోటంతా తిరిగితే సోడా మూతలూ, సైకిలు చువ్వలూ, కాయలు ఒలిచే గునపం విరిగిన మొనా దొరికాయి. "అక్కడా ఇసకే, ఇక్కడా ఇసకే. మధ్యలో విమానం ఎక్కడం ఒక్కటే దండగ మావయ్యా" అన్నాడు. అతనికి విసుగు పుట్టిన చోట నాకు ఆసక్తి పుట్టింది. సైన్సు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. ఇనుము అబద్ధం ఆడదని తెలుసు. గుండ్రటి తీగ మేకు యంత్రం చేసినది. నలుపలకలుగా ఉండి మొనవైపు సన్నబడితే కొలిమిలో సాగగొట్టినది. వెల్డింగు అతుకు కనిపిస్తే మన కాలానిది. పాత కొలిమి ఇనుము తుప్పు తింటున్నప్పుడు చెరకు పిప్పిలా నారలు నారలుగా విడుతుంది. ఏడాది ఫలానా అని చెప్పలేం, ఏ కాలానికి ముందో తరవాతో చెప్పగలం. అంతకుమించి చెప్పేవాడు సోదె చెబుతున్నట్టే.

ఇదంతా అరుగు మీద కూర్చుని వింటున్న అక్కయ్య ఒకరోజు, "అయితే ఆ మిషను మన లంకకి పట్టుకెళ్ళండ్రా" అంది. అక్కణ్ణించి మొదలైంది అసలు సంగతి. మేం పుట్టింది కొత్తపేట అవతల, గోదావరి మధ్య ఉన్న ఒక లంకలో. నాకు నడక రాకముందే గోదారి ఆ గట్టు కోసుకుంటూ వచ్చి ఊరంతా తీసుకుపోయింది. గోదారి బుద్ధి తెలిసిందేగా. ఒక దరిన తిన్నది మరో దరిన కక్కుతుంది. ఏళ్ళు గడిచాక ఊరున్న చోట కొంతమేర మళ్ళీ ఇసక తేలింది, పుచ్చపాదులు వేస్తున్నారు. ఆ ఇంట్లో పుట్టానన్న మాటే గానీ నాకు దాని నీడ కూడా గుర్తులేదు. గుర్తున్నది అక్కయ్య ఒక్కత్తికే. అప్పటికే ఆవిడకి ఎనభై దాటాయి. చచ్చిపోయేలోగా ఆ చోట ఒకసారి నిలబడాలని ఆవిడ కోరిక. చెప్పుకోలేదు గానీ, నాదీ అదే.

వేసవి పొద్దున పడవలో వెళ్ళాం. అక్కయ్య పెళ్ళికి వెళుతున్నట్టు బండారులంక నేత చీర కట్టుకొచ్చింది. పుచ్చపాదుల పక్కన యంత్రం గట్టిగా కూసింది. మోకాలి లోతు తవ్వితే తుప్పూ ఇసకా గడ్డకట్టిన పొడవాటి ఇనుము, ఒక కొసన పెద్ద రింగు. పాదుల రైతు తువ్వాలు నడుముకి చుట్టి చెప్పులు విడిచేశాడు.

"శూలం పిడండీ. ఇక్కడ అమ్మోరి గుడుండేదని మా తాత చెప్పేవోడండి. గద్దె కట్టేత్తాను."

"గుడి ఉండేదని చెప్పాడు సరే, శూలానికి చివర రింగు ఉండేదని చెప్పాడా?"

"ఆయ్, మీరు నమ్మరని తెలుసండి మాస్టారూ. పర్లేదండి, అమ్మోరు మిమ్మల్ని నమ్ముద్ది."

అదేమిటో తేల్చి చెబుతానని మాటిచ్చి, తవ్విన చోట కర్ర పాతి, ఆ ఇనుము ఇంటికి తెచ్చాను.

మేనల్లుడు చాకలిసోడా నీళ్ళలో దాన్ని ముంచి బ్యాటరీ ఛార్జరు తగిలించాడు. కరెంటు పారేకొద్దీ తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. నలుపలకల మేకు, కొలిమి పని. మొన వెనక్కి మడిచి కొట్టి ఉంది. అక్కయ్య చూడగానే, "నావ కట్టే మేకురా" అంది. లంకలో ప్రతి ఇంటికీ వసారా రాటకి, మనిషి తలకంటే ఎత్తులో, ఇలాంటి మేకు దిగేసి ఉండేదట. వరద వాకిట్లోకి వచ్చాక నావ కట్టుకునేది దానికే. పైఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు, ఎద్దుని ఇంత ఎత్తున కడతారేమిటని అడిగేవారట.

మేకు రాట గుండా దూరి అవతల మడత పడింది గనక, రింగుకీ మడతకీ మధ్య ఎంత ఉంటే రాట అంత లావు. వేళ్ళతో కొలిచాను. నాలుగు వేళ్ళకి కాస్త ఎక్కువ. "మన రాట ఎంత లావు అక్కయ్యా?" అన్నాను.

"తాటి రాట. రెండు చేతులూ చుట్టేసినా నా వేళ్ళు కలిసేవి కావు." మేకు అందుకుని రింగుకీ మడతకీ మధ్య వేళ్ళు ఆనించి చూసింది. తరవాత నవ్వింది. "ఇది పక్కింటి పిన్నిగారిది. వాళ్ళవొక్కళ్ళవే సన్న సరుగుడు రాటలు. వరదొస్తే వాళ్ళు ఇంటికి నావ కట్టరు, నావకి ఇల్లు కడతారని నాన్నగారు ఏడిపించేవారు."

"ఒక్క మేకుతో అంత మాట అనలేం. ఇంకో రుజువు కావాలి."

"నువ్వా ఇంట్లో పుట్టావనడానికి నా మాట తప్ప నీ దగ్గర ఏ రుజువుందిరా?"

మళ్ళీ వెళ్ళాం. అక్కయ్య కర్ర పక్కన నిలబడి, అటూ ఇటూ చూసి, "పిన్నిగారి వసారా ఇదైతే పడమటి పక్క మనదే" అంటూ నడిచింది. నాలుగడుగులు వెయ్యగానే ఇసక అయిపోయింది. ముందంతా గోదారి. చీర కుచ్చెళ్ళు తడుస్తున్నా కదల్లేదు. మేనల్లుడు ఏం చెయ్యాలో తెలియక యంత్రాన్ని నీళ్ళ అంచున ఆడించాడు. అది కిక్కురుమనలేదు. "ఆపెయ్యరా, లోతుంటుంది" అంది అక్కయ్య. నాకేసి తిరిగి, "అదిగో, ఆ నురగ పోతోందే, అక్కడ పుట్టావు" అని చూపించింది. రుజువు అడగలేదు. ఆ నురగ కనిపించినంత దూరం చూశాను.

మేకు ఏమిటో రైతుకి చెప్పాను. "నావ కట్టే మేకే అనుకోండి, ఆ నావల్ని కాసింది ఎవరంటారు?" అన్నాడు. గద్దె మాత్రం కట్టలేదు; పాదు వేసుకున్నాడు.

అక్కయ్య పోయింది. మేకు నా బల్ల మీద ఉంది. అది కొలిమిదో మిల్లుదో ఇప్పటికీ చెప్పగలను. ఏ రాటదో, ఎవరి పరిహాసం దాన్ని అంటుకుని ఉందో చెప్పిన సాక్షి ఇక లేదు. ఇంకొక్క ఇల్లు, ఇంకొక్క రాట గురించి ఆవిణ్ణి అడిగి ఉంటే బాగుండేదని రోజూ అనిపిస్తుంది.

అందుకే చెబుతున్నాను. మీ అటక మీదో పెరట్లోనో పేరు తెలియని ఇనప ముక్క ఒకటి ఉండే ఉంటుంది. దానికి పసుపు రాయకండి, పాత సామాను వాడికి తూచకండి. మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ చేతిలో పెట్టి, ఇది దేనికి, ఎవరిది, ఎక్కడిది అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. కాలం ఇనుముని తినడానికి వందేళ్ళు తీసుకుంటుంది, మనిషి దగ్గర అంత ఓపిక చూపించదు. ఈ కాగితం పక్కన పెట్టి, ఇప్పుడే వెళ్ళి అడగండి.