గొంతు తీసేసిన వీడియో

నేను ఎవరినీ తొందరగా నమ్మను. బ్యాంకు నుంచి ఫోన్ అంటే చాలు, కట్ చేస్తాను. కిలో చింతపండు కొన్నా ఇంటికొచ్చి మళ్ళీ తూచుకుంటాను. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. అందుకే ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చోగానే మనూర్ నుంచి అక్క ఫోన్ చేసి, "తమ్మీ, నీ పెండ్లి సీడీల అమ్మ ప్రార్థన చేస్తది గదా, గా ముక్క నాకు పంపు" అన్నప్పుడు, ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు అడుగుతోందన్న అనుమానమే ముందు పుట్టింది.

అక్క ఇంట్లో వాళ్ళ మాట కాదని మనూర్ వైపు ఒక హిందువుల అబ్బాయిని చేసుకుంది. ఆ తర్వాత అమ్మ ఆమె పేరు ఎత్తలేదు, మమ్మల్ని ఎత్తనివ్వలేదు. నా పెళ్ళికి పిలవలేదు. అమ్మ పోయిన రోజు అక్క వచ్చి, సమాధుల తోట గేటు దగ్గరే నిలబడి, మట్టి కూడా వేయకుండా వెళ్ళిపోయింది. మా నారాయణఖేడ్‌లో బస్సెక్కితే వాళ్ళ ఊరు ఎంతో దూరం కాదు. నేను ఒక్కసారీ పోలేదు.

అమ్మ గొంతు మిగిలింది ఆ సీడీలోనే. ఆమె ప్రార్థనకు నిలబడితే చుట్టాలందరినీ ఒక్కొక్కరిగా పేరు పెట్టి, ఎవరి కష్టం వారిదిగా దేవుడి ముందు పెట్టేది. మామ తాగుడు, పిన్ని షుగర్, నా ఉద్యోగం, ఏదీ వదిలేది కాదు. జనం కళ్ళు మూసుకుని తమ పేరు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించేవారు. పేరు రానివాళ్ళు నెల రోజులు మాట్లాడేవారు కాదు.

సీడీ తీసుకెళ్ళి ఇస్తే ఫోటో స్టూడియో అతను ప్రార్థన ముక్కను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాడు. ఈ ఫైలు మీ అక్క ఫోన్‌లో తెరుచుకోదు, ఎంపీ4గా మార్చి సైజు తగ్గించాలి, నేనే చేసిస్తానన్నాడు. అతని దగ్గర ఒక కాపీ ఉండిపోతుందని వద్దన్నాను. ఇంటికొచ్చి, లోకంలో ఎవరిదో తెలియని వెబ్‌సైట్ తెరిచాను. నా తెలివి అంత.

ఆ పేజీలో డౌన్‌లోడ్ అని మూడు బటన్లున్నాయి. పెద్దగా, పచ్చగా ఉన్నది నొక్కితే నా లాప్‌టాప్‌లో వైరస్‌లున్నాయని ఎర్ర డబ్బా ఒకటి లేచింది. మూసేశాను. ఇంకొకటి నొక్కితే వీడియో పేరుతోనే ఏదో దిగింది, కానీ చివర ఎంపీ4 అని లేదు, ఈఎక్స్ఈ అని ఉంది; అంటే వీడియో కాదు, ఏదో ప్రోగ్రాం. దాన్ని తెరవకుండానే తీసిపారేశాను. అసలు బటన్ అన్నిటికంటే చిన్నది, మూలన ఉంది. కింద, మీ ఫైలును రెండు గంటల్లో చెరిపేస్తాం అని రాసి ఉంది. చెరిపారో దాచుకున్నారో పోయి చూసొచ్చేదెవరు?

మా మామ తాగుడు, పిన్ని షుగర్ ఎవడి కంప్యూటర్‌లోనో ఉండిపోతాయన్న భయం పట్టుకుంది. సైజు తగ్గించే చోట 'ఆడియో తీసేయి' అని ఒక గడి కనిపించింది. టిక్ పెట్టాను. సైజు కూడా తగ్గుతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వచ్చిన ఫైలును నెట్ ఆపేసి తెరిచి, చివరిదాకా నడిచాకే అక్కకు పంపాను.

పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"అమ్మ పెదవులు కదుల్తున్నయ్, మాట వస్తలేదు."

"సైజు తగ్గిస్తే పోయినట్టుందక్కా."

"అబద్ధం జెప్పకు. దాంట్ల నా పేరు లేదు. గందుకే తీసేసినవ్."

ఆమెకు కావాల్సింది అమ్మ ముఖం కాదు. ప్రార్థనలో అమ్మ తన పేరు ఎత్తిందా లేదా, అదొక్కటే. నిజం చెప్పాలంటే ఆ సంగతి నాకూ తెలియదు. పెళ్ళిలో ఆకలితో సగమే విన్నాను. ఆ తర్వాత ఎప్పుడూ వినలేదు, లేదని తేలుతుందేమోనని. ఆ గడిలో టిక్ పెట్టింది వెబ్‌సైట్ మీద అనుమానంతోనా, అమ్మ మీద అనుమానంతోనా అని అడిగితే ఈరోజుకీ సిగ్గేస్తుంది.

"లైన్ల ఉండు" అని పెన్‌డ్రైవ్‌లోని అసలు ముక్క పెట్టి, ఫోన్‌ను లాప్‌టాప్ దగ్గర పట్టుకున్నాను. అమ్మ అందరి పేర్లూ ఎత్తింది. మామ, పిన్ని, నేను, కొత్త కోడలు. అక్క పేరు రాలేదు. ఇక ఆమెన్ అంటుందనుకుంటుండగా అమ్మ ఆగింది. వీడియోలో ఎవరో దగ్గారు. తర్వాత మెల్లగా, "తండ్రీ, ఇంకొకతి ఉన్నది. నీకెరుకే. గింత మందిల దాని పేరు తియ్యనీకె నాకు నోరు వస్తలేదు. నువ్వు దాన్ని ఇడువకు" అంది.

అక్క ఏడుస్తోందని అర్థమయింది. నేను కూడా ఏడ్చాను. కాసేపటికి, "గదే పంపు, మాటతోని" అంది.

"మళ్ళ గా సైట్లనే ఎక్కియ్యాలె అక్కా. ఇంటి ముచ్చట్లు ఎవడు ఇంటడో ఏమో."

"ఎక్కియ్యి. గీ ఒక్క మాట లోకమంత ఇననీ."