పొగాకుకి పదును పెట్టిన శనివారం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. ఇప్పుడు అంత ధీమా దేనిమీదా లేదు (మోకాళ్ల మీద అసలే లేదు). నందిగామ పక్క మెట్ట రైతు ఇంట పుట్టి, జగ్గయ్యపేటలో పొగాకు గోడౌన్‌లో గుమాస్తాగా చేరి అప్పటికి మూడు నెలలైంది. ఉద్యోగం ఖాయమో కాదో సోమవారం చెబుతానన్నారు మేనేజరు గారు. శనివారం పని మీద నందిగామ బయల్దేరుతూ, "సోమవారం లారీ వస్తుంది. బేళ్లు పదును మీద ఉన్నాయో లేదో చూడు" అన్నారు.

పదును నాకు తెలియకపోవడమా! వాన పడ్డాక మట్టి పిడికిట్లో ముద్ద కట్టాలి, అదే కదా పదును. గోనెలో బిగించి కట్టిన ఒక బేలులోంచి ఆకు లాగి పిడికిట్లో నలిపాను. పొడైపోయింది. ఇంకేముంది, బేళ్లన్నిటి మీదా బక్కెట్లతో నీళ్లు పోసి, ఆరిపోకుండా టార్పాలిన్ బిగించి, గర్వంగా ఇంటికి వెళ్లాను.

సోమవారం పొద్దున టార్పాలిన్ తీయగానే ఆవిరి మొహానికి కొట్టింది. ఆకు గ్రేడు చేసే ఆడవాళ్లకు పెద్ద ఒకావిడ ఉండేది, అందరం అత్తా అనేవాళ్లం. ఆవిడ బేలులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి చటుక్కున లాగేసుకుంది. "ఏంది బాబూ, లోపల అన్నం వండుతున్నావా?" "పదును కోసం అత్తా..." "ఇదేమన్నా మీ కందిచేనా? ఆకు విరక్కుండా వంగాల, చెయ్యి తడవకూడదు. అదీ పదును. ఇట్టా లారీకెక్కిస్తే దిగేసరికి బూజే మిగిలేది!"

బేళ్లు విప్పి ఆకంతా వసారాలో పరిచాం. గేటు దగ్గర లారీ డ్రైవరు హారన్ ఆపడం లేదు. నందిగామ బస్సు ఆగినప్పుడల్లా గేటుకు పరుగెత్తి, మేనేజరు గారు దిగలేదని చూసుకుని, మళ్లీ ఆకు దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. "నువ్వు తిరిగే గాలికే ఆకు ఆరేట్టుంది, ఆగమాకు" అంది అత్త.

మధ్యాహ్నానికి ఆయన రానే వచ్చారు. ఖాళీ లారీని చూశారు, వసారాని చూశారు, నన్ను చూశారు. అత్త ఏదో సర్దిచెప్పబోయే లోపే ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. ఆయన ఒక ఆకు తీసి మధ్య ఈనె విరిచారు. "పైన ఆరింది, ఈనెలో తడి అట్టాగే ఉంది. నువ్వు చెప్పకపోతే ఇవాళే కట్టించి పంపేవాణ్ణి. లారీని పొమ్మను."

"మరి నా ఉద్యోగం సార్?"

"ఇదంతా ఎవరు ఆరబెడతారయ్యా, మీ నాన్నొస్తాడా?"

ఇది రాసే ముందు ఆనాటి డైరీ తీసి చూశాను. ఒక్క రోజూ వదలకుండా రాసుకున్న మనిషిని కదా, ఆ సోమవారం పేజీ నిండా ఉంటుందనుకున్నాను. ఒక్కటే వాక్యం: "గోడౌన్‌లో పని మామూలే." మేనేజరు గారి ఎదుట ఒప్పుకున్నవాణ్ణి, నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో ఎందుకు దాచానో! ఎంత పరువు గల కుర్రాడో పాపం. కింద బోలెడు ఖాళీ ఉంది గానీ, దిద్దబుద్ధి కాలేదు.