మా ఇల్లు దవాఖాన కాదు

హనుమకొండ సుబేదారిలో ఒక సందు చివర మా ఇల్లు. మూడు గదులు, ముందు వరండా, వరండాలో మా అత్తమ్మ కుర్చీ. ఇంట్లో దవాఖానను గుర్తు చేసేది ఏదైనా ఉందంటే అది అత్తమ్మ మోకాళ్ళకు రాసుకునే నూనె వాసన ఒక్కటే. కానీ లోకాన్నంతా అందరి జేబుల్లో పెట్టేశానని గొప్పలు చెప్పుకునే ఒక పెద్ద కంపెనీ మ్యాపులో మాత్రం మా ఇల్లు ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే దవాఖాన.

ముందు గదిని ఒకప్పుడు ఒక డాక్టరుకు అద్దెకిచ్చాం. ఆయన కరీంనగర్ వెళ్ళిపోతూ బల్లా, బోర్డూ, బరువు చూసే మిషనూ అన్నీ సర్దుకుపోయాడు. మ్యాపులో గుర్తును మాత్రం మాకు వదిలేశాడు.

మొదటి రోగి మేం అన్నం తింటున్నప్పుడు వచ్చాడు. తలుపు తీయగానే, "గొంతుల బాగ నొప్పి లేస్తాంది మేడం, జర చూడుండ్రి" అని నోరు బార్లా తెరిచాడు. నేను కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. అయినా మర్యాదకు ఆయన గొంతులోకి తొంగి చూశాను. ఏమీ అర్థం కాలేదు.

ఆ తర్వాత వాళ్ళు రావడం మామూలైపోయింది. జ్వరాలు, దగ్గులు, కడుపునొప్పులు. ఒకామె అయితే మా సోఫాలో కూర్చుని, "నా నంబర్ ఎప్పుడొస్తది?" అని మా ఆయన్ని నిలదీసింది.

నేను విసుక్కునేదాన్ని. మా అత్తమ్మ విసుక్కునే మనిషి కాదు. గడప దాకా వచ్చినవాళ్ళు నీళ్ళు తాగకుండా వెళ్ళడం ఆవిడకు గిట్టదు. "కూసో బిడ్డా, ఎండల వడి వచ్చినవ్" అనేది. నీళ్ళ తర్వాత చాయ్. చాయ్ తర్వాత వాళ్ళ చేయి పట్టుకుని, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన. ఆ తర్వాతే, "డాక్టర్ ఇక్కడ లేడు బిడ్డా, చౌరస్తకాడ ఇంకొకాయన ఉన్నడు" అని దారి చెప్పి పంపేది.

వాళ్ళు సందు దాటేలోపే వాళ్ళ ఫోన్ వాళ్ళను అడిగేది, దవాఖాన ఎలా ఉందని. అంత ప్రేమగా చూసిన ముసలమ్మకు చెడ్డపేరు తేవడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఐదు నక్షత్రాలు నొక్కేవాళ్ళు. "అమ్మ బాగా మాట్లాడింది." "వెయిటింగ్ లేదు, చాయ్ ఇస్తారు." "ప్రార్థన చేశాక జ్వరం దిగింది." చూస్తుండగానే హనుమకొండలో పేరున్న దవాఖానలన్నింటినీ మా వరండా దాటేసింది. ఒక్క మందుబిళ్ళ ఇవ్వకుండా, ఒక్క సూది వేయకుండా.

ఇది దవాఖాన కాదని కంపెనీకి రాశాను. "మీ సూచనకు ధన్యవాదాలు. పరిశీలించాం. ఈ స్థలం ఉన్నట్టు చాలామంది నిర్ధారించారు" అని జవాబొచ్చింది. మళ్ళీ రాశాను. ఈ దవాఖాన మీదైతే ముందు యజమానిగా నమోదు చేసుకోండి, అప్పుడు మార్పులు చేయొచ్చు అన్నారు. అంటే నాకు దవాఖాన లేదని చెప్పుకోవాలంటే, ముందు ఉందని ఒప్పుకోవాలి. ఒళ్ళు మండి, మనిషితో మాట్లాడతానన్నాను. ఒక మర మాట్లాడింది. ఎంత తిట్టినా, "మీకు ఇంకేమైనా సహాయం కావాలా?" అని తియ్యగా అడిగింది. మొదటి సహాయమే ఇంకా అందలేదు మరి.

చివరికి గేటుకు బోర్డు పెట్టించాను, "ఇక్కడ డాక్టర్ లేరు" అని. ఎవరో పుణ్యాత్ముడు దాన్ని ఫొటో తీసి మ్యాపులో పెట్టాడు. కంపెనీ దాన్ని దవాఖాన ముఖచిత్రం చేసింది. ఫోనులో ఆ బొమ్మ గోరంత. అక్షరాలు కనబడవు, బోర్డు ఉందన్న సంగతి మాత్రం తెలుస్తుంది.

ఇంతవరకూ నేను చుట్టాలకు నవ్వుతూ చెప్పుకునే కథ. తర్వాతది చెప్పేటప్పుడు నవ్వు రాదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చీరలైనా మార్చుకోలేదు, గేటు ముందు ఆటో ఆగింది. ఒకాయన భార్యను రెండు చేతులా ఎత్తుకుని దిగాడు. నర్సంపేట అవతల వాళ్ళ ఊరు. పత్తి ఏరుతుంటే ఆమె వేలి మీద పాము కరిచింది. చేయి మోచేతి దాకా వాచిపోయింది.

"డాక్టర్ ఏడున్నడవ్వా?" అన్నాడు. అత్తమ్మ అలవాటుగా నీళ్ళ గ్లాసు పట్టుకొచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఇది దవాఖాన కాదన్నా, ఇల్లు" అన్నాను.

"ఎక్కువ చుక్కలు దీనికే ఉన్నయక్కా! నర్సంపేట దవాఖానల కూడా ఆగకుంట వచ్చినం" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వాళ్ళతోపాటు నేనూ ఆటో ఎక్కి పెద్ద దవాఖానకు పోనిమ్మన్నాను. దారి పొడుగునా డ్రైవర్ ఫోన్ వెనక్కి తిరగండి, వెనక్కి తిరగండి అని మా ఇంటివైపే పిలుస్తూ ఉంది. దాన్ని లాక్కుని ఆపేశాను. లేకపోతే బయటికి విసిరేసేదాన్నే.

ఆమె బతికింది. చూపుడు వేలు తీసేశారు. "జర ముందొస్తే వేలు నిలిచేదేమో" అన్నాడు డాక్టరు. ఈ మాట అత్తమ్మకు చెప్పకూడదనుకున్నాను. కానీ అడిగింది, చెప్పాను. ఆవిడ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "నా చాయ్‌కి పడ్డ చుక్కలే గదా" అని ఏడ్చింది. నీ తప్పు కాదని ఎంత చెప్పినా వినలేదు.

కొన్నాళ్ళకు భార్యాభర్తలిద్దరూ మమ్మల్ని చూడటానికి వచ్చారు. అత్తమ్మ ఆమె ముఖంలోకి చూడలేకపోతుంటే ఆమే దగ్గరికి జరిగి, "మీరేం జేస్తరవ్వా, ఫికర్ జెయ్యకుండ్రి" అంది. అప్పుడు ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. "ఏందో ఇంగ్లీషుల వచ్చిందక్కా. జర చదువు."

ఆవేళ దవాఖాన ఎట్లుందని ఆయన్నీ అడిగిందట ఫోన్. ఆయనకు రాయడం రాదు. నోటితో చెప్తే ఫోనే రాసుకుంది. ఇది దవాఖాన కాదు, ఒగళ్ళ ఇల్లు, మాకు ఆల్శమై మా ఇంటామె వేలు పోయింది, మీరెవ్వలు ఈడికి రాకుండ్రి అని. ఒక్క నక్షత్రం. మా ఇంటి గురించి ఆ మ్యాపులోకి ఎక్కిన ఒకే ఒక్క నిజం అది.

వచ్చిన సందేశం చదివాను. మళ్ళీ ఒకసారి చదివాను.

"ఏమన్నరక్కా?" అంది ఆమె.

"అన్న రాసింది తీసేసిన్రట."

"ఎందుకు?"

"అది నిజంగ జరిగిన ముచ్చట కాదంట."

ఆమె కొంగు కింద దాచుకున్న చేతిని బయటికి తీసి నా ముందు పెట్టింది.

"గిది చూపెట్టరాదక్కా వాళ్లకు" అంది.

ఎవరికి చూపించాలో నాకు తెలియలేదు.